ఫ్లీ కాటు దురదకి కాలమైన్ లోషనా, హైడ్రోకార్టిసోన్ క్రీమా?

కుక్క గానీ పిల్లి గానీ ఉన్న ఇంట్లో చీలమండల చుట్టూ ఎర్రటి దద్దుర్లు రెండు మూడు వరసగా లేచి, నడుమ సూదిమొనంత చుక్క కనిపిస్తే ఫ్లీలని, అంటే వాటి ఒంటిమీద ఉండి రక్తం తాగే చిన్న పురుగుల్ని అనుమానించండి. ముందు సబ్బుతో కడగాలి.

దురద కొద్దిగా ఉంటే కాలమైన్ అనే గులాబీ రంగు లోషన్ చాలు. సీసా బాగా కుదిపి, దూదితో రోజుకు 3, 4 సార్లు అద్దండి. బెజవాడ ఉక్కపోతలో చెమటకి ఇట్టే కారిపోతుంది, అందుకే ఫ్యాను కింద ఆరనివ్వాలి.

దద్దురు ఉబ్బి, నిద్ర పట్టనివ్వకపోతే 1 శాతం హైడ్రోకార్టిసోన్ (తేలికపాటి స్టెరాయిడ్) క్రీమే మేలు. రోజుకు 2 సార్లు, పలచగా, 7 రోజులు మించకుండా. ముఖానికి, గోకి పుండైన చోట వద్దు. మందుల షాపులో ఊరికే 'దురద క్రీము' అని అడక్కండి. క్లోబెటసాల్ కలిసిన ట్యూబు చేతిలో పెట్టొచ్చు. అది చాలా ఘాటైన స్టెరాయిడ్, వాడగా వాడగా చర్మం పలచబడుతుంది. పేరు చదివే కొనండి.

చీము పట్టినా, ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికే.