సర్కారు ఎర్ర మాత్రా, షాపు మల్టీవిటమినా? కడుపుతో ఉన్నోళ్ళకి ఏది మేలు?

పీహెచ్‌సీలో ఫ్రీగా ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు బీరువాలో పడేసి, నెలనెలా వందలు పెట్టి మల్టీవిటమిన్ కొనుక్కునేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఫ్రీగా వచ్చింది కదా పని చేస్తుందో లేదో అని అనుమానం. రెండు స్ట్రిప్పులూ వెనక్కి తిప్పి ఒకసారి చదవండి. ఎర్ర మాత్రలో ఎలిమెంటల్ ఐరన్ (అంటే అసలు ఐరన్) 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు ఉంటాయి, డబ్ల్యూహెచ్‌ఓ రోజుకి 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్ అంటోంది కాబట్టి ఇది ఏ రకంగానూ తక్కువ కాదు. షాపు మాత్ర మీద ఫెర్రస్ ఫ్యూమరేట్ (ఐరన్ కలిసిన లవణం) 150 మిల్లీగ్రాములు అని ఉంటే అదంతా ఐరన్ అనుకోకండి, అందులో మూడో వంతే ఐరన్. పైగా కొన్నిట్లో కాల్షియం కూడా కలిపేస్తారు, అది ఐరన్‌ని సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు, అందుకే పీహెచ్‌సీలో రెండూ విడివిడిగా ఇస్తారు.

నేనైతే ఎర్ర మాత్రకే ఓటేస్తా. కాకపోతే గుడ్డు, మాంసం ముట్టనివాళ్ళకి బీ12 తగ్గే అవకాశం ఎక్కువ, వాళ్ళు డాక్టర్ని అడిగి అది వేరే వేసుకోవాలి. ఎర్ర మాత్రకి వాంతులో మలబద్ధకమో అవుతుంటే మానేయొద్దు, రాత్రి తిన్నాక వేసుకుని చూడండి, అప్పటికీ పడకపోతే వేరే రకం ఐరన్ రాస్తారు.

అసలు చాలామంది వదిలేసేది కడుపు పడకముందే వేసుకోవాల్సిన ఫోలిక్ యాసిడ్ మాత్ర! ఎర్ర మాత్ర ఇచ్చేది నాలుగో నెల నుంచి, కానీ బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం కడుపు పడ్డాక 28 రోజుల్లోపే మూసుకుపోతుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలీదు. ఆ గొట్టం సరిగ్గా మూసుకోడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి, అందుకే పిల్లల కోసం చూస్తున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి, రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి మూడో నెల అయ్యేదాకా వేసుకోవాలి. షాపులో ఎక్కువగా 5 మిల్లీగ్రాములదే చేతిలో పెడతారు, అది ఫిట్స్ మందులు వాడేవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి, ముందు కాన్పులో బిడ్డకి వెన్ను లోపం వచ్చినవాళ్ళకి డాక్టర్లు రాసే డోసు.

మునగాకు, రాగిజావ చాలు, మాత్రలెందుకు అనే పెద్దవాళ్ళూ ఉంటారు. తినాల్సిందే, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు కూడా వదులుకోవద్దు. కానీ 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాముల దాకానే, రోజుకి కావాల్సింది 1000, ఆకుకూరల్లో ఐరన్ అయితే ఒంటికి పట్టేది కొంచెమే.

ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోండి, టీ, కాఫీ దగ్గరికి రానివ్వొద్దు, కాల్షియంకి రెండు గంటలు గ్యాప్ ఇవ్వండి. విరేచనం నల్లగా వస్తే భయపడక్కర్లేదు, అది ఐరన్ వల్లే. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే డోసు మారుస్తారు, 7 కన్నా తగ్గితే మాత్రలతో ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి.