పెన్సిల్వేనియా జింక వేట: డబ్బు పెట్టాల్సింది వాసన సీసాలకా, గాలి తెలిసిన మనిషికా?

పెన్సిల్వేనియాలో జింక వేటకు రావాలనుకునే తెలుగువాళ్లు నన్ను తుపాకీ గురించి కన్నా వాసన గురించే ఎక్కువ అడుగుతారు. "మన ఇంట్లో రోజూ పోపు, వారానికోసారి చేపల పులుసు. జాకెట్లకు ఆ వాసన పట్టేస్తుంది. జింక అల్లంత దూరం నుంచే పసిగట్టేయదా? షాపుల్లో అమ్మే స్ప్రేలు నిజంగా పనిచేస్తాయా?" అని. ఈ సీజన్‌లో మా బావమరిదితో కలిసి తిరిగిన చోట్లు, దిగిన బసలు, డబ్బిచ్చి తీసుకున్న సేవలు అన్నీ ఈ ప్రశ్న చుట్టూనే చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. గాలి ఎటు వీస్తోందో చూసి మన మాటు మార్చే మనిషికి ఇచ్చిన డబ్బు సార్థకం. సీసాలకు పెట్టింది చాలావరకు దండగ.

దానికన్నా ముందు చట్టం సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం, అది అలాగే ఉండాలి కూడా. ఇక్కడి పరిస్థితి వేరు. పెన్సిల్వేనియాలో తోడేళ్లు, కూగర్లు (కొండ సింహాలు) 19వ శతాబ్దంలోనే తుడిచిపెట్టుకుపోయాయి. తెల్లతోక జింకలు పెరిగిపోయి అడవిలో లేత మొక్కల్ని తలెత్తనివ్వకుండా మేసేస్తున్నాయి. 1895లో ఏర్పడిన రాష్ట్ర గేమ్ కమిషన్ ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని కొట్టవచ్చో లెక్కగట్టి లైసెన్సులు ఇస్తుంది. మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. క్లాసుకు వెళ్లి చేస్తే ఉచితం, ఓపికగా చెబుతారు. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం తుపాకీ పట్టుకోవడాన్నే నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే అందులో మినహాయింపు ఉంది. కానీ అది వాట్సాప్ గ్రూపులో అడిగి తేల్చుకునే విషయం కాదు, లాయరుతో మాట్లాడాకే ముందుకెళ్లండి.

సామాన్ల కోసం హాంబర్గ్‌లోని కాబెలాస్‌కు వెళ్లాం. ఐ-78 పక్కనే ఉన్న పెద్ద దుకాణం, పిల్లల్ని తీసుకెళ్తే పూట గడిచిపోతుంది. వాసన సరుకులకే విడిగా వరసలున్నాయి. మన వాసన చంపుతామనే స్ప్రేలు, సబ్బులు, డిటర్జెంట్లు. మట్టి వాసన, పైన్ వాసన పూసి మనల్ని కప్పేస్తామనేవి. ఎదకొచ్చిన ఆడ జింక మూత్రం అని చిన్న సీసాలు, ఒక్కోటి 10 నుంచి 20 డాలర్లు. వాసన పీల్చేస్తాయని బొగ్గు పొర కుట్టిన సూట్లు. ఆఖర్న, ఓజోన్ వాయువుతో బట్టల వాసన పోగొడతామనే కొన్ని వందల డాలర్ల యంత్రాలు. మావాడు బుట్ట నింపేశాడు. నేను వాసన లేని డిటర్జెంట్, ఒక స్ప్రే, జింకల్ని రప్పించే సింథటిక్ (మూత్రం కాని, కృత్రిమ) వాసన సీసా ఒకటి తీసుకున్నా.

జింక ముక్కు సంగతి తెలిస్తే ఈ వరసలో సగం ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. దానికి మామూలు ముక్కుతో పాటు అంగిట్లో ఇంకో వాసన అవయవం ఉంటుంది. మగ జింక పై పెదవి వెనక్కి ముడిచి తల ఎత్తి నిలబడితే, ఆడ జింక మూత్రాన్ని దాంతోనే పరీక్షిస్తోందన్నమాట. గిట్టల మధ్య, కళ్ల దగ్గర, నుదుటి మీద, వెనక కాళ్ల లోపలి వైపు వాసన గ్రంథులున్నాయి. వాటి లోకమే వాసన. ఇక మనిషి ఒంటి వాసన నిమిష నిమిషానికీ పుడుతూనే ఉంటుంది: ఊపిరి, చెమట, రాలిపోయే చర్మం. చొక్కా మీద కొట్టిన స్ప్రే ఊపిరిని ఏం చేయగలదు? 2002లో జాన్ షివిక్ అనే పరిశోధకుడు, మనుషుల్ని వెతికే శిక్షణ పొందిన కుక్కలతో ఈ వాసన పీల్చే బట్టల్ని పరీక్షించాడు. ఆ బట్టలు వేసుకున్నా కుక్కలు దాదాపు అందర్నీ కనిపెట్టేశాయి. కుక్కకు దొరికిపోయే మనిషి జింకకు దొరకడనుకోవడం అత్యాశ.

అసలు పాఠం బెడ్‌ఫోర్డ్ కౌంటీలో నేర్చుకున్నాం. నవంబర్ మొదట్లో, రట్ (జింకలు జతకట్టే కాలం) ఊపందుకుంటున్నప్పుడు, ఆర్చరీ (విల్లు, బాణాల) సీజన్లో ఒక పొలం ఇంట్లో దిగాం. రైతే గైడు. బస సాదాసీదా: ఇనుప మంచాలు, వేడినీళ్లు, పొద్దున్నే గుడ్లు, బంగాళాదుంపల వేపుడు. మా పచ్చడి సీసా చూసి ఆయన నవ్వలేదు, నొసలు ముడవలేదు. "బట్టలు మాత్రం వంటింట్లో పెట్టకండి, వరండాలో తగిలించండి" అన్నారంతే.

మా బావమరిది సంచిలో మూత్రం సీసా చూడగానే మాత్రం దాన్ని కారు డిక్కీలో పెట్టించారు. ఆ ప్రాంతం క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ జోన్. జింక మెదడును తినేసే ఈ రోగం 1967లో కొలరాడోలో మొదట కనబడింది, పెన్సిల్వేనియాలో 2012లో బయటపడింది. దానికి కారణమైన ప్రియాన్లు (వికృతమైన ప్రొటీన్లు) జింక లాలాజలంలో, మూత్రంలో, పేడలో బయటికొస్తాయి, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. సీసాల్లో అమ్మే మూత్రం పెంపుడు జింకల ఫారాల నుంచి వచ్చేదే. అందుకే ఈ జోన్లలో జింక మూత్రంతో చేసిన సరుకు వాడటమే కాదు, ఆరుబయట మన దగ్గర ఉంచుకోవడం కూడా నిషిద్ధం. వర్జీనియా అయితే 2015లోనే రాష్ట్రమంతటా వాడకం ఆపేసింది. జోన్ల హద్దులు మారుతుంటాయి, వెళ్లే ముందు గేమ్ కమిషన్ మ్యాపు చూసుకోండి. నా మటుకు నాకు, నిషేధం లేనిచోట కూడా ఆ సీసా కొనబుద్ధి కాదు. ఒక సీసా కోసం ఒక అడవికి రోగం అంటించే ప్రమాదం తెచ్చిపెట్టడం న్యాయం కాదు.

ఆ రైతు జేబులో మిల్క్‌వీడ్ కాయ ఉంటుంది. మన జిల్లేడు కాయలాంటిదే, లోపల తెల్లటి దూది. మంచె ఎక్కే ముందు ఒక పోగు తీసి వదిలారు. అది గాలికి కొండవాలు వెంట నెమ్మదిగా దిగి, ఓక్ చెట్ల వరస దాటాక ఉన్నట్టుండి ఎడమకు తిరిగి, వాగు మీదుగా పైకి లేచింది. మన వాసన కూడా అచ్చంగా ఆ దారినే పోతుంది. తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి జారుతుంది, పొద్దెక్కి వాలు వేడెక్కాక పైకి పాకుతుంది, సాయంత్రం మళ్లీ కిందికి. జింకలు ఈ లెక్క తెలిసే పడుకుంటాయి, ఈ లెక్క తెలిసే నడుస్తాయి. ఆయన మమ్మల్ని పొద్దున ఒక మంచె మీద, పదింటికి ఇంకో మంచె మీద కూర్చోబెట్టారు. గాలి తిరిగితే దిగిపొమ్మనేవారు. మొహమాటం లేదు.

మావాడికి దిగబుద్ధి కాలేదు ఒకసారి. తల నుంచి బూట్ల దాకా స్ప్రే కొట్టుకున్నాడు, ఉతికిన బట్టలు, రబ్బరు బూట్లు. గాలి వెనక నుంచి మొదలైనా కూర్చున్నాడు. ఒక పెద్ద ఆడ జింక కింది నుంచి వస్తూ ఆగింది. ముక్కు నాకింది. తల పైకీ కిందికీ ఊపింది. ముంగాలు నేలకేసి ఒకసారి, మళ్లీ ఒకసారి కొట్టింది. తర్వాత బుస్సుమని చీది, తెల్ల తోక ఎత్తి మలుపు తిరిగిపోయింది. దాని వెనక వస్తున్నవి కూడా పోయాయి. "బావా, ఇంత కొట్టుకున్నా ఎలా కనిపెట్టింది?" అని దిగాక అడిగాడు. అదే వాలులో, గాలి ఎదురుగా ఉన్న మంచె మీద, ఏమీ పూసుకోని నా ముందు నుంచి ఒక మగ జింక పాతిక గజాల్లో తీరిగ్గా నడిచి వెళ్లింది. మధ్యలో కొమ్మ అడ్డం ఉండి బాణం వేయలేదు.

అలాగని అన్నీ దండగే అనను. వాసన లేని డిటర్జెంటుతో ఉతికి, బట్టలు మూత బిగించిన డబ్బాలో పెట్టి, అడవికి చేరాక వేసుకుంటే కొంత తేడా ఉంటుంది. పోపు వాసన, పెట్రోలు బంకు వాసన అయినా పోతాయి. జింక మనల్ని పసిగట్టే దూరం కాస్త తగ్గవచ్చు, గాలి తిరిగిన క్షణంలో ఒకట్రెండు అదనపు నిమిషాలు దొరకవచ్చు. సింథటిక్ వాసన సీసా కూడా రట్ రోజుల్లో కుర్ర మగ జింకల్ని ఆపుతుంది. గుడ్డకు పూసి ఈడ్చిన దారిని ఒక కుర్రది ముక్కు నేలకానించి కొంతదూరం అనుసరించడం కళ్లారా చూశాను. ముదురు కొమ్ములవి మాత్రం ముందు గాలి పోయే వైపుకు చుట్టి వచ్చి వాసన చూస్తాయి. అక్కడ మనం దొరికిపోతాం.

ఉత్తరాన ఒక ఖరీదైన లాడ్జి అనుభవం కూడా చెప్పాలి, పేరు వద్దు. బట్టలకు ఓజోన్ గది, ఉచితంగా స్ప్రేలు, చక్కటి భోజనం, మెత్తటి పడకలు. కానీ పొద్దున ట్రక్కులో తీసుకెళ్లి, ముందురోజే రాసి పెట్టుకున్న స్టాండు (మాటు మంచె) దగ్గర దింపేసి వెళ్లిపోయారు. గాలి వాయవ్యం నుంచి తూర్పుకు మారిందని ఫోన్ చేస్తే, "బట్టలు ఓజోన్ చేశాం కదా, ఫరవాలేదు" అన్నారు. ఇంత డబ్బు తీసుకుని వేటకు మూలమైన పనే చేయకపోవడం నాకు చాలా బాధనిపించింది. మీరు లాడ్జి మాట్లాడుకునేటప్పుడు ఒక్కటే అడగండి: గాలి మారితే స్టాండు మారుస్తారా? జవాబు నాన్చితే వదిలేయండి.

రైఫిల్ సీజన్‌కు క్లియర్‌ఫీల్డ్ కౌంటీలోని పార్కర్ డ్యామ్ స్టేట్ పార్కులో కేబిన్ తీసుకున్నాం. 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (నిరుద్యోగ యువకులకు ప్రభుత్వం పెట్టిన ఉపాధి పథకం) కుర్రాళ్లు కట్టిన కర్ర ఇళ్లు, మొత్తం 16. ఫ్రిజ్, పొయ్యి, ఫైర్‌ప్లేస్ ఉంటాయి. దుప్పట్లు, గిన్నెలు మనవే. స్నానానికి బయటికి నడవాలి, ఆ చలిలో కాస్త కష్టమే. పక్కనే మొషానన్ స్టేట్ ఫారెస్ట్. 2019 నుంచి ఈ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతోంది. తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు తప్పనిసరి. ఇక్కడ వాసన టెన్షన్ చాలా తగ్గుతుంది, ఎందుకంటే గురి దూరం నుంచి పెడతాం, ఇతర వేటగాళ్ల అలికిడికే జింకలు కదులుతుంటాయి. కేబిన్ పొగ బట్టలకు పట్టిందని మావాడు కంగారుపడ్డాడు కానీ, చుట్టూ ఊళ్లలో అందరూ కట్టెలే కాలుస్తారు. ఆ పొగకు బెదిరిన జింక నాకు కనబడలేదు. ఆడ జింకను కొట్టేందుకు తీసుకున్న మా లైసెన్సు అక్కడే ఉపయోగపడింది, రిడ్జి మీద, గాలి ముఖానికి కొడుతుండగా.

మాంసం కోసే దుకాణాలు సీజన్ మొదటి వారం కిక్కిరిసిపోతాయి, ముందే ఫోన్ చేసి అడగండి. రోగం జోన్లో కొట్టిన జింక తల, వెన్నెముక హద్దు దాటించకూడదు. కమిషన్ పెట్టిన డబ్బాల్లో తల వేస్తే పరీక్ష ఉచితం. మనుషులకు సోకినట్టు రుజువు లేదు గానీ, రోగం ఉన్నదాన్ని తినొద్దనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లో ఉంచాం. తర్వాత అల్లం వెల్లుల్లి, గసగసాలు వేసి సన్నటి సెగ మీద వండితే మేకమాంసం కన్నా నాకు నచ్చింది. కొవ్వు తక్కువ కాబట్టి నూనె కాస్త ఎక్కువ పట్టింది.

వచ్చే ఏటికి బెడ్‌ఫోర్డ్ రైతుకు అడ్వాన్స్ ఇచ్చేశాం. పార్కర్ డ్యామ్ కేబిన్లు సీజన్ వారానికి ముందే నిండిపోతాయి, కావాలనుకున్నవాళ్లు చాలా నెలల ముందే బుక్ చేసుకోండి.