నాట్ల గుత్త ముఠా: ఎన్ని ఎకరాలకు కలిసొస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది

వరి నాట్లకు ఎకరం లెక్కన గుత్త మాట్లాడుకుని మేస్త్రీ తెచ్చే ముఠాతో నాటించుకోవడం మంచిదా, దినకూలీలను పిలుచుకోవడం మంచిదా? ఇది కమతం సైజును బట్టి మారే సంగతి. రెండు ఎకరాల నుంచి ఏడెనిమిది ఎకరాల దాకా ఉన్నవాళ్లకు గుత్త ముఠా అయిదుకు నాలుగు మార్కుల సేవ. ఎకరం లోపు ఉంటే రెండు మార్కులే. పదిహేను ఎకరాలు దాటితే మూడు, అదీ గట్టుమీద మన మనిషి నిలబడితేనే.

ముందు లెక్క చూద్దాం. చేత్తో నాటడానికి హెక్టారుకు 25 నుంచి 30 మంది కావాలి, అంటే ఎకరానికి పది పన్నెండు మంది. నారును 21వ రోజు నుంచి 30వ రోజు లోపు నాటేయడం మేలు, ముదిరిందంటే పిలకలు (మొక్క మొదట్లోంచి వచ్చే కొత్త కొమ్మలు) తగ్గుతాయి. అంటే చేతిలో ఉండేది పది రోజులు. ఇంట్లో ముగ్గురు మడిలోకి దిగగలిగితే పది రోజులకు 30 మంది పని, రెండున్నర ఎకరాలు. ఒక్క రోజూ ఎవరూ మంచాన పడకపోతేనే సుమా! అంతకుమించిన ప్రతి ఎకరానికీ బయటి మనిషి కావాల్సిందే. నీళ్లు ఆలస్యంగా వచ్చి నాలుగు రోజులే మిగిలాయంటే అదే ముగ్గురు ఒక్క ఎకరం దాటలేరు. మాది చిన్న కమతం, కూలీలతో పనేముంది అనేవాళ్లు ఎకరాలు లెక్కపెడతారు గానీ రోజులు లెక్కపెట్టరు.

చిన్న కమతాలకు ఈ సేవ తక్కువ మార్కులు తెచ్చుకోవడానికి కారణం ముఠా నడిచే తీరు. పాతికమంది అర ఎకరం నాటితే పూట కూడా గడవదు, మిగతా పూటకు పక్కనే మరో మడి దొరక్కపోతే ఆ రోజు కూలి అందరికీ సగమే. అందుకే మేస్త్రీ పెద్ద చేలన్నీ అయ్యాక చివర్లో వస్తాడు, అప్పటికి నారు ముదిరిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రపంచంలోని కమతాల్లో దాదాపు 84 శాతం రెండు హెక్టార్ల లోపువే, వాటి కింద ఉన్న సాగుభూమి మాత్రం 12 శాతం దగ్గరే. ఇంత చిన్న భూమి మీద ఇల్లు గడవదు కాబట్టి ఆ ఇళ్లలో చాలామంది సీజన్లో కూలికి వెళ్తారు. సొంత మడిలో నారు ముదురుతున్న రోజుల్లోనే పక్క పెద్ద చేలో కూలి దొరుకుతుంది. చేతికొచ్చే కూలిని వదులుకోలేక సొంత నాటు వాయిదా వేస్తారు. దీనికి విరుగుడు ఒకటే: ఆనుకుని ఉన్న నలుగురైదుగురు ఒకే వారంలో నారు పోసుకుని, మొత్తం అయిదారు ఎకరాలుగా చూపించి ముఠాను ఒకేసారి పిలవడం. అప్పుడు బేరమూ కుదురుతుంది, తేదీ కూడా మన చేతిలో ఉంటుంది.

రెండు నుంచి ఎనిమిది ఎకరాల మధ్య ఉన్నవాళ్లకు గుత్త బాగా నప్పుతుంది. ముఠాకు రెండు మూడు రోజుల నికరమైన పని, రైతుకు ఒక్క మాటతో మనుషులు. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు గట్టెక్కి కూర్చున్నారు అని కాపలా కాయక్కర్లేదు, త్వరగా ముగిస్తే లాభం వాళ్లదే. అయితే ఆ త్వరే నాటు నాణ్యతను దెబ్బతీస్తుంది. దినకూలీకి పని నెమ్మదిగా సాగుతుంది గానీ కుదురు, అంటే ఒకచోట కలిపి గుచ్చే రెండు మూడు మొక్కలు, సరిగ్గా పడుతుంది. గుత్తకు వచ్చినవాళ్లు వంగిన నడుంతో దూరం దూరంగా పొడుచుకుంటూ పోతారు. వాళ్ల తప్పు అనలేం, ఎకరానికి ఇంత అని రేటు పెట్టింది మనమే.

కాబట్టి రేటుతో పాటు దూరం కూడా ముందే మాట్లాడాలి. 20 × 15 సెంటీమీటర్లకు నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు పడతాయి. 20 × 20 కి జరిగితే 25 కి పడిపోతాయి, మడిని చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. మీటరు పొడవున్న కర్రలు నాలుగు కట్టి చట్రం చేసుకుని ఎకరానికి అయిదు చోట్ల వేసి లెక్కపెట్టండి. గట్టు పక్కన కాకుండా మడి మధ్యలో, సాయంత్రం చివర్లో నాటిన మూలలో వేయండి, లోపాలు దాక్కునేది అక్కడే. తర్వాత రెండు కుదుళ్లు మెల్లగా పీకి చూడండి. రెండు మూడు మొక్కలుండాలి, బురదలో దిగిన భాగం మూడు సెంటీమీటర్లు దాటకూడదు. లోతుగా గుచ్చితే పిలకలు ఆలస్యమవుతాయి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటే ముఠాలు సణుగుతాయి, తాడు పట్టడానికి టైము పోతుందని. సుడిదోమ (వరి మొదళ్లలో రసం పీల్చే పురుగు) భయం ఉన్న చోట దీన్ని వదులుకోవద్దు, తాడూ పట్టుకునే మనిషినీ మీరే ఇస్తే గొడవే ఉండదు.

నారు పీకి, కట్టలు మడిలో విసరడం గుత్తలో ఉందో లేదో తేల్చుకోకుండా బేరం ముగించకండి. సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. మిగతా సగం కొలత దగ్గర. మేస్త్రీ అడుగులతో కొలుస్తాడు, రైతు కాగితంలో ఉన్న అంకె చెబుతాడు, గట్లు లెక్కలోకి వస్తాయా రావా అన్నది ఎవరూ అడగరు. నాటుకు ముందు రోజు ఇద్దరూ కలిసి టేపుతో కొలుచుకోవడం పావుగంట పని.

పెద్ద కమతాల సంగతి వేరు. భూమి పెరిగేకొద్దీ మొత్తం పనిలో కూలీల వాటా పెరుగుతుంది గానీ ఎకరానికి పడే మనుషుల సంఖ్య మాత్రం తగ్గుతూ వస్తుంది, యంత్రాలు దిగుతాయి గనుక. అయితే చేత్తోనే నాటిస్తే ఇరవై ఎకరాలకు దాదాపు 240 మంది పని. దీన్ని ఒకే విడతలో చేయాలంటే అంత ముఠా దొరకదు, దొరికినా నాలుగు మడుల్లో చెదిరిపోతే చూసేవాడుండడు. నారును ఆరేడు రోజుల తేడాతో మూడు విడతలుగా పోసుకుంటే ఒకే ముఠా మూడుసార్లు వస్తుంది. పదిహేను మందికి ఒకరు చొప్పున చూసే మనిషిని పెట్టాలి, ఆ ఖర్చును గుత్త రేటుకు కలిపి చూసుకుంటేనే అసలు లెక్క తేలుతుంది. నీళ్లు కట్టడానికి, మందు కొట్టడానికి ఏడాది పొడవునా మనుషులను పెట్టుకోవచ్చు. పది రోజుల నాట్ల కోసం మాత్రం శాశ్వతంగా ఎవరినీ పెట్టుకోవడం దండగ.

ముఠా రాకపోతే నాటే యంత్రం పిలుద్దామనే ధీమా కూడా పనికిరాదు. దానికి ట్రేలలో చాపలా పెంచిన 15 నుంచి 20 రోజుల లేత నారు కావాలి. మడిలో పోసిన నారు దానికి ఎక్కదు. యంత్రమా, మనుషులా అన్నది నారు పోసే రోజే తేల్చుకోవాలి.

డబ్బు విషయంలో ఒక పట్టింపు: అడ్వాన్సు మేస్త్రీకి ఇచ్చినా, మిగతాది నాటినవాళ్లందరి ముందూ ఎంత ఇస్తున్నామో గట్టిగా చెప్పి ఇవ్వాలి. అందులో మేస్త్రీ కోసుకునే వాటా ఎంతో వాళ్లకు తెలిస్తే మళ్లీ ఏడాదీ అదే ముఠా వస్తుంది. ఒక మూలన రెండు గుప్పెళ్ల నారు మిగిల్చి ఉంచమనండి. వారం పది రోజుల్లోపు ఖాళీలు పూడ్చడానికి అదే ఆధారం, ఆ పని గుత్తలోకి రాదు, ఇంటివాళ్లే చేసుకోవాలి.