న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నవారూ, పెరట్లో ఆయిల్ ట్యాంకు తవ్వించే ముందు ఇది చదవండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పేరు రాయను. ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో ట్యాంకులు తీసే ఆ పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు.

పాతకాలపు ఇల్లు, భూమిలో 550 గ్యాలన్ల హీటింగ్ ఆయిల్ ట్యాంకు. ధర కాస్త తగ్గిస్తామంటే, నేనే తీయించుకుంటానని ఒప్పుకున్నాను. ఆశ! ట్యాంకు పైకి వస్తే అడుగంతా తుప్పు చిల్లులు. టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ చూశాడు, రాష్ట్ర హాట్‌లైన్‌కు ఫోను చేశారు, కేసు నంబరు వచ్చింది. ఆ లీకు నిజమే, కాదనను.

“పొక్లెయిన్ ఇక్కడే ఉంది సార్. రేపయితే మళ్లీ తెచ్చిన ఖర్చు మీదే” అన్నాడు ట్యాంకు తీసిన ఆ పెద్దమనిషి. మా ఇంట్లో రెండోసారి ఫిల్టర్ కాఫీ తాగుతూ అన్నాడు. సంతకం పెట్టేశాను. నూనె ఇంకిన మట్టి తవ్వి తీసినందుకు టన్నుకు ఇంత అని 38 టన్నులకు బిల్లు వేసి, ఆ సాయంత్రమే గుంత పూడ్చేశాడు.

రెండు వారాలయ్యాక ల్యాబ్ రిపోర్టు అడిగాను. గుంత గోడల నుంచి, అడుగు నుంచి తీసిన మట్టి ఈపీహెచ్ పరీక్షలో (మట్టిలో నూనె ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష) నెగ్గితేనే కదా, ఇక చేయాల్సింది ఏమీ లేదని పర్యావరణ శాఖ ఉత్తరం ఇచ్చేది! ఆయన నవ్వాడు. “చెడ్డ మట్టి అంతా తీసేశాక పరీక్ష దేనికి సార్? నా ముక్కు మీద నమ్మకం లేదా?”

ముక్కట! బిల్లులో ‘ల్యాబ్ పరీక్షలు’ అని ఐదు నమూనాలకు డబ్బు లాగిన ముక్కు. మట్టి దింపిన చోటి కాటా చీటీలు అడిగాను, ఫోను పెట్టేశాడు. పావు కిలో బెండకాయలకు తూకం సరిచూసుకునే నేను 38 టన్నుల మట్టికి చూసుకోలేదు.

ఇప్పుడు, డబ్బిచ్చి పోయించుకున్న మంచి మట్టిలోంచే బోరు దింపి కింది నమూనా తీయాలి. ఆ నమూనా పరీక్షలో నెగ్గకపోతే మళ్లీ మొత్తం తవ్వకమే.

సరే, మీరైనా జాగ్రత్త. ట్యాంకు తీసేవాడి చేతికే పరీక్ష అప్పగించకండి. నమూనాల వెంట ల్యాబ్‌కు వెళ్లే కాగితం నకలు గుంత దగ్గరే అడిగి తీసుకోండి. వీలైతే రిపోర్టు వచ్చేదాకా పూడ్చనివ్వకండి, చుట్టూ కంచె కట్టించండి.

రేపు ఉదయం బోరు వేసేవాళ్లు వస్తున్నారు. కాఫీ ఇస్తాం, ఆ కాగితం చేతికి వచ్చాకే.