అద్దెకున్నవాళ్లతో సహా ఇల్లు కొంటున్నారా? కరెంటు, నీళ్ల బకాయిలు చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి

లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు లాయరుకు చూపించుకుంటాం. కరెంటు బిల్లు దగ్గరికొచ్చేసరికి "అవి అద్దెకున్నవాళ్లే కట్టుకుంటారండీ" అనే మాటతో అమ్మేవాళ్లు దాటేస్తారు. మోసం అక్కడే జరుగుతోంది.

మేం కొన్న ఇంట్లో పై వాటాకు వేరే మీటరు. బకాయిలు లేవని అమ్మినాయన వాట్సాప్‌లో బిల్లు ఫోటో పంపాడు. ఆ నెల మొత్తం, కట్టిన తేదీ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. సరిగ్గా పాత బకాయి గడి మొదలయ్యే చోట ఫోటో కత్తిరించి ఉంది. రిజిస్ట్రేషన్ అయ్యాక పైవాళ్లు ఖాళీ చేశారు. మీటరు మా పేరుకు మార్చమని అర్జీ పెడితే, కౌంటర్లో ఉన్నావిడ స్క్రీన్ మా వైపు తిప్పింది. ప్రతి నెలా కాస్త కట్టడం, మిగతాది ముందుకు నెట్టడం, దానిమీద ఆలస్య రుసుము. మధ్యలో కొన్ని నెలలు 'డోర్ లాక్' అని సగటు లెక్కన బిల్లు వేశారు. తర్వాత అసలు రీడింగ్ తీస్తే ఆ తేడా అంతా ఒక్కసారే పడింది. మొత్తం కడితేగాని పేరు మార్చమన్నారు.

అమ్మినాయన జవాబు: "నేను వాడలేదు కదండీ, వాడినవాళ్లనే అడగండి." వాడినవాళ్లు ఫోన్ ఎత్తరు. వాళ్ల అడ్వాన్సును ఆయన మాకు చెప్పకుండా ముందే తిరిగిచ్చేశాడని తర్వాత తెలిసింది. పట్టుకోవడానికి ఉన్న ఒక్క పిలకా అదే!

కనెక్షన్ ఎవరి పేరున ఉంటే కరెంటు సంస్థ వాళ్లనే అడుగుతుంది. బిల్లులు అద్దెదారే కట్టాలని అగ్రిమెంటులో రాసుకున్నా, అది ఇంటాయనకూ అద్దెదారుకూ మధ్య మాట. సంస్థకు దాంతో పనిలేదు. ముందు తను కట్టి, తర్వాత అద్దెదారు దగ్గర వసూలు చేసుకోవాల్సింది ఇంటాయనే. అద్దెదారు సొంత పేరున కనెక్షన్ తీసుకుని ఉంటే మామూలుగా ఆ అప్పు అతనిదే, కానీ ఆ మీటరే మనకు కావాలంటే మళ్లీ పేచీ. మన సుప్రీంకోర్టు కూడా 2023 మేలో, పాత యజమాని కరెంటు బకాయి తీరిస్తేనే కొత్త కనెక్షన్ ఇస్తామనే షరతును నిబంధనల్లో పెట్టుకోవచ్చని చెప్పింది. కాబట్టి "నేను వాడలేదు" అనే వాదన కౌంటర్ దగ్గర నిలవదు.

నన్నడిగితే కరెంటు కన్నా నీళ్ల బిల్లు ప్రమాదం. కరెంటు బకాయి పెరిగితే ఏదో ఒక రోజు ఫ్యూజు పీకేస్తారు, బయటపడుతుంది. నీళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి, బకాయి చప్పుడు లేకుండా పెరుగుతుంది. చాలాచోట్ల అది ఇంటి పన్నులాగే ఆస్తికి అంటుకుని ఉంటుంది, మనుషులు మారినా పోదు.

అందుకని ఫోటోలు నమ్మకండి. సర్వీసు నంబరు అడిగి తీసుకుని, కనీసం గత ఏడాది ఖాతా మొత్తం మీరే తీయించండి. సగటు బిల్లులు కనిపిస్తే మీటరు దగ్గరికెళ్లి, అక్కడి అంకె బిల్లులో అంకెతో కలుస్తోందో లేదో చూడండి. అద్దెకున్నవాళ్లతో కూడా నేరుగా మాట్లాడండి, అమ్మేవాళ్లు దాచింది వాళ్ల నోట వచ్చేస్తుంది. బకాయి లేదనే పత్రం అమ్మేవాళ్లే తేవాలి. అద్దెదారుల అడ్వాన్సు రిజిస్ట్రేషన్ రోజే మీ చేతికి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, మీటర్లు మీ పేరుకు మారేదాకా ధరలో కొంత ఆపి ఉంచుతామని సేల్ అగ్రిమెంటులోనే రాయించండి. దానికి ఒప్పుకోనంటే బకాయి ఉందనే అనుకోవాలి.

మా అగ్రిమెంటులో 'రిజిస్ట్రేషన్ నాటి వరకు ఉన్న బకాయిలన్నీ అమ్మకందారువే' అనే వాక్యం ఉంది. దాన్ని పట్టుకునే మొన్న లాయరు నోటీసు పంపాం. జవాబు వచ్చాక ఏమైందో రాస్తాను.