టెంకాయతో బోరు పాయింట్ చూసే సర్వీసు రివ్యూ: 640 అడుగులు, అంతా దుమ్మే

రేటింగ్ ఒక్క స్టారు, అది కూడా పెద్దాయన చెప్పిన టైముకు వచ్చినందుకు. పేరు రాయను, ఊర్లో అందరూ సామీ అంటారు.

మాది అనంతపురం జిల్లా, నార్పల సైడు, నాలుగెకరాల చీనీ తోట. పాత బోరు ఏప్రిల్లోనే నీళ్ళకు బదులు గాలి కొట్టడం మొదలుపెట్టింది, చెట్లు ఆకు ముడుచుకుంటాంటే నాయనకు నిద్ర లేదు, మా మామ చెప్పినాడని టెంకాయ పెట్టి జల చూసే ఈయన్ని పిలిపించినాడు. ఫీజు మూడు వేలు, పెట్రోలు వేరే, నీళ్ళు పడితే సంతోషంగా ఇంకో ఐదు వేలు ఇయ్యాల. పడకపోతే ఏమి సామీ అని అడగబోతే నాయన నా కాలు తొక్కినాడు.

చూసే పద్ధతి ఏమంటే, జుట్టున్న టెంకాయని అరచేతిలో అడ్డంగా పండబెట్టుకుని, చెప్పులిడిచి, చేనంతా మెల్లగా నడుస్తాడు. జల ఉన్నచోట కాయ నిలువుగా లేచి నిలబడుతుంది. లేచింది, అబద్ధం చెప్పను, ఒళ్ళు జలదరించింది కూడా. ఓ పాజిటివ్ రక్తం ఉన్నోళ్ళకే లేస్తుందని ఆయనంటే మా తమ్ముడు నాదీ ఓ పాజిటివే అని కాయ తీసుకున్నాడు, వానికీ లేచింది, ఎక్కడ అంటే పాత బోరు పక్కనే, మోటారు షెడ్డులో! పెద్దాయన తడుముకోకుండా "పాత జల నాయనా, వాసన మిగిలుంటుంది" అన్నాడు. లేస్తే జల ఉన్నట్టు, జల లేనిచోట లేస్తే పాత జల. ఇంక ఓడిపోయేదెక్కడ?

ఆయన మోసగాడని నేననను. గుండ్రటి కాయ, చెయ్యి రవ్వంత వాలితే చాలు లేస్తుంది, ఆ వాలడం మనకే తెలీదు, ఇక్కడుంటుందేమో అనుకున్నచోట చెయ్యి దానంతటదే కదుల్తుంది. ఐడియోమోటార్ అంటారు, 1852లోనే ఇంగ్లాండులో కార్పెంటర్ అనే డాక్టరు రాసిపెట్టినాడు. పెద్దాయనకు చేతిలో ఏదో లాగినట్టు నిజంగానే అనిపిస్తాంటుంది, దాన్ని నేను కాదనను.

అందుకే ఒకటి అడిగినా. సామీ, కళ్ళకు ఈ టవల్ కట్టి రెండు రౌండ్లు తిప్పి వదుల్తా, మళ్ళీ అదే పాయింటు మీద కాయ లేస్తే ఆ ఐదు వేలు ఇప్పుడే ఇస్తా అని. ఆయన నవ్వి సరే అన్నాడు, టవల్ చేతికి తీసుకున్నాడు కూడా. ఒప్పుకోనిది నాయన. "పెద్ద మనిషికి పరీక్ష పెడతావా, ఒగరి నమ్మకాన్ని గౌరవించేది నేర్చుకోలేదా నువ్వు" అని అందరి ముందర తిట్టినాడు. టవల్ భుజం మీదేసుకుని ఊరుకున్నా. ఇప్పటికీ నాకు మండేది అదే. ఎందుకంటే రిగ్గుకు కట్టింది నమ్మకం కాదు, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు.

ఇట్లాంటి పరీక్షే జర్మనీలో చేసినారు. మ్యూనిక్ దగ్గర 1987-88లో, ఒక రెండంతస్తుల కొట్టంలో, కింది అంతస్తులో నీళ్ళ పైపుని బండి మీద పెట్టి అటూ ఇటూ జరపడం, పై అంతస్తులో జల చూసేవాళ్ళు అది ఎక్కడుందో చెప్పడం. 43 మంది, 843 సార్లు. కొందరు బాగా చెప్పినారని చేసినోళ్ళు మురిసిపోయినారు కానీ, ఎన్‌రైట్ అనే సైంటిస్టు ఆ లెక్కలే మళ్ళీ తీసి చూస్తే, పది మీటర్ల గీతలో కళ్ళు మూసుకుని మధ్యలోనే అని చెప్పినదానికన్నా అందరికన్నా మేటి ఆయన పైపుకు దగ్గరగా చెప్పింది సగటున 4 మిల్లీమీటర్లే. మా బోరు బొక్కే ఆరున్నర ఇంచులు!

రిగ్గు రాత్రి తొమ్మిదికి వచ్చింది. 400 దగ్గర డ్రిల్లరు ఆపేదా అన్నా అన్నాడు, సామి 500 చెప్పినాడు, ఇంకా దించు అన్నాడు నాయన. 500 అయింది. ఇంకో రెండు రాడ్లు. ఇంకో రెండు. 640 దగ్గర నాయన ఇంక మాట్లాడలా, తెల్ల దుమ్ము మీసాల మీద, కనురెప్పల మీద పేరుకుని అట్లే కూర్చున్నాడు. కేసింగుతో కలిపి 82 వేలు. పొద్దున సామికి ఫోన్ చేస్తే "జల ఉంది, మీకు యోగం లేదు" అన్నాడు. ఒక్క స్టారుకు తగ్గించింది ఈ మాటకే, లేకుంటే రెండు ఇస్తాంటి.

నెల తర్వాత జియాలజిస్టుని పిలిచినా. నాలుగు ఇనప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, కరెంటు పంపి, దూరం పెంచుతా రీడింగులు రాసుకున్నాడు. గట్టి బండ కరెంటును పోనీదు, బండ చివికి నీళ్ళు పట్టినచోట పోనిస్తుంది, అంతే సంగతి. మాదంతా గ్రానైటు నేల, ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే, నీళ్ళుండేది పైన చివికిన పొరలో, కింద బండ చీలికల్లో మాత్రమే, కాబట్టి గ్యారంటీ ఇవ్వను, లోతులో సన్న చీలికలు నా మిషనుకు దొరకవు అని ముందే చెప్పేసినాడు. నాయనకు అది నచ్చలేదు, గ్యారంటీ లేనోనికి డబ్బులెందుకు అన్నాడు. అయినా ఆయన చెప్పినచోటే వేస్తే 270 అడుగుల్లో ఒకటింపావు ఇంచు నీళ్ళు పడింది. గొప్పేమీ కాదు, ఎండాకాలం ముప్పావుకు దిగింది, డ్రిప్పు పెట్టి చెట్లు నిలబెట్టుకున్నాం.

ఆ రోజు రిగ్గు ముందర నాయన పసుపు రాసి, నిమ్మకాయ పెట్టి, టెంకాయ కొట్టినాడు. నేనూ పక్కన నిలబడి దండం పెట్టినా, చెక్క ముక్క కూడా తిన్నా. దాంట్లో నాకేం గొడవ లేదు, అది పాయింటు ఎక్కడేయాలో చెప్పలేదు కదా.

వచ్చే వారం పక్క చేను మామ అదే సామిని పిలిపిస్తున్నాడు. టవల్ నేనే తెస్తా మామా అన్నా. "వద్దులే అల్లుడా, బాధపడతాడు" అన్నాడు.