ఎయిర్‌ఫ్లో ఎక్స్‌టర్నల్ టాస్క్ సెన్సర్: పనితనం బాగుంది, డిఫాల్ట్‌లతోనే తంటా

వేరే డాగ్‌లో (డాగ్ అంటే ఒకదానిపై ఒకటి ఆధారపడే టాస్క్‌ల సముదాయం) జాబ్ పూర్తయ్యాకే మన డాగ్ కదలాలంటే, ఇలాంటి పనులను వేళ ప్రకారం నడిపే ఎయిర్‌ఫ్లోలో అందరూ ముందు పట్టుకునేది ఎక్స్‌టర్నల్ టాస్క్ సెన్సర్‌నే. డాగ్ ఐడీ, టాస్క్ ఐడీ ఇస్తే చాలు, ఆ జాబ్ స్టేటస్‌ను పదేపదే చూస్తుంటుంది. టాస్క్ ఐడీ ఇవ్వకపోతే డాగ్ మొత్తం ముగిసేదాకా ఆగుతుంది.

చిక్కంతా డిఫాల్ట్‌లలో ఉంది. అలవ్డ్ స్టేట్స్‌లో (ఏ స్టేటస్ వస్తే ముందుకు కదలాలో) ఉండేది సక్సెస్ ఒక్కటే, ఫెయిల్డ్ స్టేట్స్ (ఏ స్టేటస్ వస్తే తానూ ఫెయిల్ కావాలో) ఖాళీ. పై జాబ్ (మనం ఎదురుచూసే జాబ్) అర్ధరాత్రే పడిపోయినా దీనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. టైమవుట్ చూస్తే 7 రోజులు! అన్నాళ్లూ అలర్ట్ రాదు. టాస్క్ ఐడీ ఇచ్చి ఉంటే ఫెయిల్డ్ స్టేట్స్‌లో ఫెయిల్డ్, అప్‌స్ట్రీమ్ ఫెయిల్డ్ (ముందున్న టాస్క్ ఫెయిలవడంతో నడవనిది) రెండూ పెట్టండి, డాగ్ మొత్తం కోసమైతే ఫెయిల్డ్ ఒక్కటే పెట్టండి, టైమవుట్‌ను గంటల్లోకి దించండి. పై జాబ్‌కి రీట్రైలు మిగిలి ఉంటే దాని స్టేటస్ అప్ ఫర్ రీట్రై కాబట్టి సెన్సర్ తొందరపడి పడిపోదు.

మోడ్ కూడా మార్చాల్సిందే. డిఫాల్ట్‌గా ఉండే పోక్ మోడ్‌లో సెన్సర్ ఎదురుచూసినంతసేపూ వర్కర్ స్లాట్ (టాస్క్ నడవడానికి ఉండే చోటు) వదలదు. ప్యారలలిజం (ఒక్కో షెడ్యూలర్ ఒకేసారి నడపగల టాస్క్‌ల సంఖ్య) డిఫాల్ట్ 32. స్లాట్‌లన్నీ సెన్సర్లే ఆక్రమిస్తే అవి ఎవరి కోసం ఆగాయో ఆ జాబ్‌కే చోటుండదు. చూసిన ప్రతిసారీ స్లాట్ వదిలేసే రీషెడ్యూల్ మోడ్ పెట్టి, పోక్ ఇంటర్వల్ (ఒకసారి చూశాక మళ్లీ చూసేదాకా విరామం) 60 సెకన్లకు తగ్గకుండా చూసుకోండి. తగ్గిస్తే భారం షెడ్యూలర్ మీద పడుతుంది. డిఫరబుల్ మోడ్ ఇంకా తేలిక, కానీ ఆ ఎదురుచూపును చేపట్టే ట్రిగ్గరర్ ప్రాసెస్ నడుస్తుండాలి. లేకపోతే టాస్క్ డిఫర్డ్‌లోనే ఉండిపోతుంది.

ఎక్కువమందిని ఏడిపించేది మాత్రం టైమ్ లెక్క. రెండు డాగ్‌ల లాజికల్ డేట్ (ఆ రన్ ఏ వేళకు చెందుతుందో చెప్పే టైమ్) అచ్చంగా కలవాలి, కలవకపోతే ఆ తేడాను ఎగ్జిక్యూషన్ డెల్టాలో చెప్పాలి. రోజూ పైది 1 గంటకు, మనది 3 గంటలకు అయితే ఎగ్జిక్యూషన్ డెల్టా 2 గంటలు, ప్లస్‌లోనే. మైనస్ ఇస్తే అసలు లేని రన్ కోసం కాచుకుంటుంది. చేత్తో ట్రిగ్గర్ నొక్కిన రన్‌కి సాధారణంగా ఏ జతా దొరకదు, ఎందుకంటే మనం మార్చకపోతే దాని డేట్ నొక్కిన క్షణానిది. సెన్సర్ ఏ టైమ్ రన్ కోసం చూస్తోందో లాగ్‌లో ఉంటుంది. దాన్ని పై డాగ్ రన్‌తో పోలిస్తే తేడా వెంటనే దొరుకుతుంది. డాగ్ ఐడీలో అక్షరం తప్పితే పట్టుకోవడానికి చెక్ ఎగ్జిస్టెన్స్ ఆన్ చేయండి.

పై జాబ్ సక్సెస్ అయితే మనది మొదలవడమే కావాలంటే ఎయిర్‌ఫ్లో 2.4లో వచ్చిన, డేటా అప్‌డేట్ అవగానే డాగ్‌ను మొదలుపెట్టే డేటాసెట్లు (3లో వీటి పేరు అసెట్లు) మేలు, టైమ్ కలిపే బాధ ఉండదు. ఫలానా గంటలోపు రాకపోతే గోల పెట్టాలంటే మాత్రం, పై మార్పులు చేసిన సెన్సర్‌కే మా ఓటు.